తెల్లచేతుల సినిమా

మొన్న కాశీబుగ్గలో ఎక్కిన ఆటోలో పాటలకు బదులు మాటలు వినిపించాయి. డ్రైవరు ఫోనులో ఎవరో ఇద్దరు ఒక పాత సినిమా పట్టుకుని, ఆ సీనులో దీపం ఎందుకు ఆరింది, ఈ సీనులో ఆవిడ వెనక్కి ఎందుకు తిరగలేదు అని తాపీగా మాట్లాడుకుంటున్నారు. "పాడ్‌కాస్టు మేడం, కొత్తగా వచ్చింది" అన్నాడు డ్రైవరు. అంతలో పక్క సందులోంచి జీడిపిక్కలు వేపుతున్న పొగ వచ్చి గొంతు పట్టేసింది. దగ్గుతూనే నవ్వాను. కొత్తగా వచ్చిందట, నా తలకాయ. ఇరవై ఏళ్ల కిందట ఈ పొగలోనే, జీడిపప్పుకు పొట్టు తీసుకుంటూ ప్రతి సోమవారం మేం విన్నది ఇదే. అప్పుడు దానికి ఇంత పేరు లేదు. లోకనాథం గారి క్యాసెట్టు అనేవాళ్లం.

లోకనాథం గారు సుమ్మాదేవి దగ్గర పల్లెలో పుట్టారు. మద్రాసు పోయి, చాలా ఏళ్లు దర్శకుల దగ్గర పనిచేసి, చివరకు ఒక్క సినిమా తీశారు. అది ఆడలేదు. ఏ సినిమా అని అడిగితే "పోనిద్దురూ, మీరు చూసుండరు" అని మాట మార్చేసేవారు. తొంభైల చివర్లో తిరిగొచ్చి, పలాసలో క్యాసెట్ల షాపు మీద గది తీసుకున్నారు. పాత సినిమాల గురించి అరగంట మాట్లాడి టేపు చేసేవారు. మా జీడిపప్పు ఫ్యాక్టరీ యజమానిని ఎలా ఒప్పించారో గానీ, సోమవారం మధ్యాహ్నం పాటలు ఆపి ఆ క్యాసెట్టు వేసేవారు. ఆ గది రైలు పట్టాల పక్కనే. మాట మంచి పట్టులో ఉండగా బండి వచ్చేది. ఆయన టేపు ఆపేవారు కాదు. "ఆగండి, బండి పోనీండి" అని ఊరుకునేవారు. మేమూ చేతులాపి, అది గూడ్సా ఎక్స్‌ప్రెస్సా అని పందేలు కాసేవాళ్లం. ఇక పప్పు ఎలా తెములుతుంది చెప్పండి.

ఒకరోజు ఆయనే ఫ్యాక్టరీకి వచ్చి, క్యాసెట్లు ఎలా ఉన్నాయని అడిగారు. అందరూ బాగున్నాయన్నారు. నాకు నోరు ఊరుకోదు గదా.

"బావూ, మీరు కత సెప్పేత్తన్నారు. కత మాకూ తెలుసు. మీరు సూసింది సెప్పట్నేదు" అన్నాను.

పక్కనున్న అప్పలనర్సమ్మ పెద్దమ్మ నా తొడ మీద గిల్లింది. ఆయన మాత్రం ముఖమంతా నవ్వు చేసుకుని, "నీ పేరేంటమ్మా?" అన్నారు. వరలక్ష్మి అన్నాను. "ఆదివారం వచ్చి ఆ మాటే టేపులో అడుగు వరాలూ" అన్నారు.

అలా పదో తరగతి తప్పిన నేను, ఆదివారాలు ఆయన ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే మనిషినయ్యాను. సినిమా బాగుందంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుందో లేదో చివర్న. ముందు ఏం చూశావు?" అనేవారు. ఆవిడ ఏడ్చిందంటే, "కళ్లు తుడుచుకుందా, తుడుచుకోలేదా? ఏ చేత్తో?" అని ప్రాణం తీసేవారు. మొదట్లో చిరాకేసేది. కొన్నాళ్లకు ఇంట్లో మా అమ్మ కోపం వస్తే కుడిచేత్తో కొంగు సర్దుకుంటుందని కనిపెట్టాను. ఇరవై రెండేళ్లు ఆవిడ పక్కన బతికి అది అప్పుడు చూశాను. అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. అప్పలనర్సమ్మ పెద్దమ్మ ఒక సినిమా గురించి అడగమంది. కొన్నేళ్ల కిందట టెక్కలిలో వారం ఆడిందది. మా జీడి పని చూపించారని తెలిసి ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీయే కదిలి వెళ్లాం. తీరా చూస్తే హీరోయిన్ గాజుల చేతులతో, మల్లెపువ్వుల్లాంటి వేళ్లతో పిక్కలు కొడుతోంది. పిక్క కొడితే పెంకులోంచి జీడి రసం కారుతుంది. తగిలితే చర్మం కాలుతుంది. అందుకే పిక్కలు కొట్టేవాళ్లు బూడిద, నూనె రాసుకుని కూర్చుంటారు. అయినా ఆ నలుపు జన్మలో పోదు. హాలంతా ఒకటే నవ్వు. పేర్లు పడేటప్పుడు మేం సీట్ల కోసం కొట్టుకుంటున్నాం కాబట్టి, ఎవరు తీశారో చూసిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం టేపు తిరుగుతుండగా అడిగేశాను. "ఆ తెల్లసేతుల సినిమా సూసినారా బావూ? ఆ తీసినోడి అమ్మ ఎప్పుడూ జీడిపిక్క ముట్టినట్టు నేదు."

ఆయన టేపు ఆపేశారు. బండి వచ్చినా ఆపని మనిషి. "ఈ రోజుకి చాలమ్మా" అన్నారు.

ఆ సోమవారం క్యాసెట్టు రాలేదు, తర్వాతి సోమవారమూ రాలేదు. కింద షాపతనికి జరిగింది చెప్పి అడిగితే, గది ఖాళీ చేసి ఊరెళ్లిపోతున్నారని చెప్పి, నా మొహంలోకి చూసి, "ఆ సినిమా ఆయందే, నీకు తెల్దా?" అన్నాడు. ఊరుకున్న మనిషిని కెలికి, ఆయన నోరు మూయించింది నేనే.

మర్నాడే ప్యాసింజరు ఎక్కి సుమ్మాదేవిలో దిగి, దారి అడుగుతూ వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద వాళ్లమ్మ గౌరమ్మ గారు కూర్చుని ఉంది. పక్కనే ఆయన. క్షమించమని అడగబోతూ ఆవిడ చేతులు చూశాను. మోచేతుల దాకా తారు పూసినట్టున్నాయి. ఈ తల్లి జీవితమంతా పిక్కలే కొట్టింది. "మీ సినిమాని నవ్వినాను బావూ, తప్పయిపోనాది" అనేశాను.

"ఏ సినిమా?" అంది గౌరమ్మ గారు.

అప్పుడు తెలిసింది. సినిమా అసలు విడుదలే కాలేదని ఆయన తల్లికి చెప్పారట. ఇక దాచడానికేం లేదు. ఆయన తలొంచుకుని చెప్పారు. "నీ పనే తీశానమ్మా. చేతులు నల్లగా ఉంటే బాగోదన్నారు. నేనూ తలూపాను. అది నీకెలా చూపించను?"

ఆవిడ తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుంది.

"ఆ పిల్లని ఎలాగ కూకోబెట్టినావు?" అంది.

"పీట మీద."

"పీట మీదేటి, నేల మీద కూకోబెట్టు. ముందు ఆ గాజులు తీసీమను. గాజులేసుకుని పిక్కలెవర్తి కొడతాది? బూడిద రాసుకోమను. పిక్కని అంచు మీద నిలబెట్టి కొట్టమను, నేకపోతే పప్పు ముక్కలైపోద్ది. ఇప్పుడు తియ్యి."

"ఇప్పుడెలా తీస్తానమ్మా?"

"నోటితో తియ్యి. అందరి సినిమాలూ నోటితోనే సెప్తన్నావంట గదా."

ఆయన చిన్నపిల్లాడిలా లోపలికి పరుగెత్తి టేపురికార్డరు తెచ్చారు. ఆ మధ్యాహ్నం ఆ అరుగు మీద సినిమా మళ్లీ తీశాం. ఆయన షాటు చెబుతారు, ఆవిడ తప్పు దిద్దుతుంది, నేను అడుగుతాను. సీను మధ్యలో హీరో వచ్చి పాట అందుకుంటాడనగానే, "పని సేత్తంటే అడ్డమేటి ఆడు, పక్కకి పొమ్మను" అంది ఆవిడ. ముగ్గురం నవ్వలేక చచ్చాం. ఆ నవ్వంతా టేపులో ఉంది.

సోమవారం ఫ్యాక్టరీలో ఆ క్యాసెట్టు వేశారు. మొదట్లో ఆయన గొంతు, "ఆ సినిమా తీసినవాణ్ని నేనే. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పెంచింది నన్ను" అంది. మా గదిలో ఒక్క చెయ్యి కదిలితే ఒట్టు. తర్వాత గౌరమ్మ గారు హీరోని పక్కకి పొమ్మనేసరికి అందరం విరగబడి నవ్వాం. అయిపోయాక అప్పలనర్సమ్మ పెద్దమ్మ కళ్లు తుడుచుకుని, ఎడంచేత్తో, "మళ్లీ ఎయ్యండి" అంది.

లోకనాథం గారు గది ఖాళీ చేయలేదు. మరో ఆరేళ్లు క్యాసెట్లు చేశారు. ఆయన పోరు పడలేక పది పాసయ్యాను, డిగ్రీ కట్టాను, ఇప్పుడు పత్రికకు వార్తలు రాస్తున్నాను. ఏ మనిషి గురించి రాసినా, పంపే ముందు, ఇది వాళ్లమ్మ ముందు కూర్చుని చదవగలనా అని ఒకసారి అనుకుంటాను. చదవలేననిపిస్తే మళ్లీ వెళ్లి చూసొస్తాను.