చిన్న దుంగకు తోడు

రంపమక్కకు ఆ పేరు కోతమిల్లు వల్ల వచ్చిందనుకుంటారు కొత్తవాళ్లు. కాదు, నోటి వల్ల వచ్చింది. మిల్లు పెళ్లయ్యాక వచ్చింది. ఎవరి పెరట్లో చెట్టు పడితే అక్కడికి బండి వెనక తగిలించుకుని ఈడ్చుకుపోయే మిల్లు అది. రెండు పట్టాలు, వాటి మీద ముందుకూ వెనక్కూ జరిగే రంపం, దుంగను పట్టి ఉంచడానికి ఇనుప బిగింపులు. మొగుడు రంపం నడిపితే ఆవిడ కోసిన చెక్కలు అందుకునేది. పని సాగినంతసేపూ ఇద్దరూ పోట్లాడుకునేవారు. ఆ పోట్లాట వినడానికే కొందరు దుంగలు తెచ్చేవారట, నిజమెంతో తెలియదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయనంత జాగ్రత్తపరుడు లేడు. దుంగ బిగించాక గునపంతో ఒకసారి నెట్టి చూసేవాడు. "గునపానికి కదిలింది రంపానికి కదలదా?" అనేవాడు. అలాంటి మనిషి నిరుడు ఒక సాయంత్రం, ఇంకొక్కటే మిగిలింది, అదీ తొడంత లావు కూడా లేదు, దీనికి బిగింపులెందుకని ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాడు. రంపం తగలగానే దుంగ దొర్లింది. రెండు వేళ్లు పోయాయి. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

గాయం మానింది గానీ మనిషి తేరుకోలేదు. అప్పట్నుంచీ వంటింటి వెనక గడప దాటి పెరట్లోకి అడుగు పెట్టలేదు. కూరలు తరుగుతాడు, బట్టలు మడతపెడతాడు, మిగతా పొద్దంతా పెరట్లోని మిల్లు కనిపించే కిటికీ దగ్గర కూర్చుంటాడు. మిల్లు ఆవిడే నడుపుకొస్తోంది. నిన్న భోజనాల దగ్గర మెల్లగా అన్నాడు: "మిల్లు అమ్మేద్దామే. రేపు సాయంత్రం ఒకతను చూడ్డానికి వస్తానన్నాడు."

ఆవిడ కంచం పక్కకు జరిపింది. మిల్లు పోతే పోయింది, ఇనుమేగా. అదీ పోయాక ఈయన కిటికీ దగ్గర్నుంచి లేవడానికి ఇంక కారణమంటూ ఉండదు. ఆవిడ భయమంతా అదే.

స్టూళ్లు చేసే వడ్రంగి ఒకతను పొద్దున్నే చిన్న చిన్న దుంగలు వేసుకొచ్చాడు. "అక్కా, పెద్ద మిల్లువాళ్లు వీటిని చూసి నవ్వారు. పొయ్యిలో పెట్టుకోమన్నారు."

"నవ్వనీ, వాళ్ల సొమ్మేం పోయింది. దించు."

పెద్ద దుంగ తన బరువుతో తనే కూర్చుంటుంది. చిన్నదానితోనే పేచీ. బిగింపు పైకి పెడితే రంపం వచ్చి ఇనుముకు తగులుతుంది, కిందికి పెడితే పట్టు చాలక దుంగ దొర్లుతుంది. రంపమక్క కిటికీ వైపు ఓరగా చూసింది. ఆయన వంకాయలు తరుగుతున్నాడు. ఇంజను తాళంచెవి తీసి పనిచొక్కా జేబులో వేసుకుంది. తర్వాత బిగింపులు బాగా పైకి పెట్టి బిగించింది.

"అక్కా, అలా పెడితే..." అన్నాడు వడ్రంగి.

"నువ్వు నోరు మూసుకుని నిలబడు."

కిటికీలో కత్తి ఆగింది. మనిషి లేవలేదు. ఆవిడ బిగింపులు ఊడదీసి పక్కన పడేసింది. దుంగ మీద ఎడమ చెయ్యి ఆనించి గట్టిగా అరిచింది: "ఇంత పుల్లకి బిగింపులెందుకు? తమ్ముడూ, ఇంజను వెయ్యి."

"చెయ్యి తియ్యవే!"

చెప్పుల్లేకుండా, చేతిలో కత్తితోనే గడప దాటి వచ్చాడు. దుంగ మీంచి ఆవిడ చెయ్యి లాగేశాడు. "బుద్ధుందా నీకు? ఇన్నేళ్లుగా నా పక్కన నిలబడి నేర్చుకున్నది ఇదా?"

"నాకేం తెలుసు? నేర్పినాయన వంకాయలు తరుక్కుంటున్నాడు."

ఆయన నలుచదరంగా కోసిన దూలం ఒకటి తెచ్చి దుంగ పక్కన పెట్టాడు. దుంగను అటు పక్క నిలువుగా ఉన్న ఆసరా కమ్మీలకు ఆనించి, బిగింపులు కిందికి పెట్టి వాటితో దూలాన్ని నెట్టాడు. మధ్యలో దుంగ ఇరుక్కుంది. కింద ఖాళీల్లో పలచటి చెక్కముక్కలు దూర్చాడు. ఎడమ చేతికి మిగిలిన మూడు వేళ్లతోనే ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

"బావా, గునపం," అని వడ్రంగి అందించాడు.

నెట్టి చూశాడు. దుంగ కదల్లేదు. అప్పుడు ఆవిడ వైపు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇవ్వు. నీ జేబులో ఉంది."

ఆవిడ చెయ్యి జేబు మీదికి పోయింది.

"తియ్యడం కిటికీలోంచి చూశాను. పోయిన నెల ఇలాంటి దుంగల్నే నువ్వు లక్షణంగా కొయ్యడం కూడా చూశాను."

"అన్నీ తెలిసీ మరి పరుగెత్తుకొచ్చావేం?"

ఆయన దుంగ వైపే చూస్తూ అన్నాడు: "తాళంచెవి లేక ఇంజను నడవదని తెలుసు. అయినా నీ చెయ్యి అక్కడుంటే కూర్చోలేకపోయాను."

ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "కంట్లో రంపప్పొట్టు పడింది," అంది. రంపం ఇంకా మొదలే కాలేదు, పొట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందని వడ్రంగి కూడా అడగలేదు.

సాయంత్రం మిల్లు చూడ్డానికొచ్చినతను గేటు దగ్గర నిలబడి చాలాసేపు పిలిచాడు. అప్పటికి ఇంజను ఆపే ఉంది. మర్నాటి దుంగను ఏ పక్కకు తిప్పి పెట్టాలని వాళ్లిద్దరూ పోట్లాడుకుంటున్నారు, అతని పిలుపు ఎవరికీ వినపడలేదు.