ఆపా తెరిచి ఇచ్చిన ఫైలు

మోత్కూరులో నేను పనిచేసే బడికి బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. చిట్యాల నుంచి ఆపా తమ్ముడు. “బిడ్డా, ఆపా పోయింది. పొద్దుగాల నమాజ్ చేసుకొని జరసేపు ఒరుగుత అన్నది. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే” అన్నాడు. తర్వాత “మీ అమ్మ ఈడ్నే ఉన్నది. నువ్వు నిమ్మళంగ రా” అని పెట్టేశాడు.

గుండె జబ్బుతో ఆమె చాన్నాళ్లుగా నల్లగొండ దవాఖానకూ ఇంటికీ తిరుగుతూనే ఉంది. ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని మాకు తెలుసు. అయినా బడికి కబురు చెప్పడం కూడా మరిచి చిట్యాల బస్సెక్కాను.

ఆపా అంటే అక్క అని అర్థం, అందరూ అలాగే పిలిచేవారు. ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మేం మర్రిగూడ వదిలి చిట్యాలకు వచ్చాం. ఆమె ఇంటి గోడకు ఆనుకొని ఉన్న రెండు గదుల్లో కిరాయికి దిగాం. ఆమె కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. సాయంత్రాలు ఇంటి ముందు గదిలో వాడలోని పిల్లలకు నేర్పేది. కంప్యూటర్ మొదలయ్యేలోపు సాసర్లో చాయ్ పోసుకొని ఊదుకుంటూ తాగేది. కీబోర్డు మీద దుమ్ము కనిపిస్తే దుపట్టా కొంగుతోనే తుడిచేది.

మొదటి రోజు పాఠం నాకు బాగా గుర్తు. అందరిలా టైపింగ్‌తో మొదలుపెట్టలేదు. తన తమ్ముడి పెళ్లి ఫోటో ఒకటి చూపించి, అదే ఫైలును ఉత్త అక్షరాలు రాసుకునే ప్రోగ్రాంలో తెరిచింది. తెర నిండా పిచ్చి గుర్తులు, అడ్డదిడ్డం గీతలు, ఎక్కడో ఒక అంకె. మేమందరం నవ్వాం.

“నవ్వకుండ్రి. గిది గూడ గా పెండ్లే. పెండ్లికొడుకు ఈడ్నే ఉన్నడు, పూలు ఈడ్నే ఉన్నయి. మనకు గీ తీరుగ సదవరాదు, గంతే.”

ఆ తర్వాత ఫోటో పేరు చివరి అక్షరాలు మార్చి పాట ఫైలులా చేసింది. నొక్కితే పాట రాలేదు. “అంగి మారిస్తె మనిషి మారుతడా? లోపట మొదాట్లనే రాసి ఉంటది, నేను ఫోటోను అని. గది సూడాలె” అంది. ఫైలంటే వరసగా పేర్చిన అంకెలేననీ, వాటిని ఏ పద్ధతిలో చదవాలో చెప్పే ఒప్పందమే ఫార్మాట్ అనీ నాకు అలా అర్థమైంది. మన ‘అ’కు కూడా ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక అంకె ఉందని చెప్పినప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. “ఏ దేశంల తెరిచినా మన అ, అ లెక్కనే కనపడ్తది” అని సంబరంగా చెప్పింది.

ఆమెకు కోపం తెప్పించే మాట ఒకటుండేది, ‘ఖరాబ్’. ఎవరైనా ఫోనో పెన్‌డ్రైవో పట్టుకొచ్చి ఫైలు ఖరాబైందంటే, “ఖరాబ్ అనకు. ఇంక తెరుసుకోలే అను” అనేది. ప్రతిదీ తెరుచుకునేది కాదు. ఒకసారి ఒక జంట చనిపోయిన తమ పసిబిడ్డ ఫోటోల కోసం వచ్చారు. చెరిగిపోయిన ఆ ఫోటోల జాగాలో అప్పటికే వేరే ఫైళ్లు రాసేసి ఉన్నాయి. ఆ సంగతి ఫోన్లో చెప్పడం ఇష్టంలేక ఆపా వాళ్లింటికే వెళ్లింది. తిరిగొచ్చి ఆ సాయంత్రం పాఠం చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. ఆపాను నేను ఎందుకు మరవలేనో దాంట్లోనే ఉంది.

మేం మర్రిగూడ విడిచింది నీళ్ల వల్లే. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడు అమ్మను కన్న మా అవ్వ నడుమును వంచేసింది. నా పళ్ల మీద కూడా అప్పటికే పసుపు గీతలు పడ్డాయి. పిల్లకూ అదే గతి పడుతుందని అమ్మ భయపడి నాన్నను ఒప్పించి ఊరు కదిలించింది. అవ్వకు అది తగలరాని చోట తగిలింది. “గీ నీళ్లు తాగే నిన్ను సాదిన. గిప్పుడు నీకు గివ్వి ఇసమైనయా?” అంది. అమ్మ కూడా మాటకు మాట అంది. అప్పటి నుంచి తల్లీకూతుళ్లకు మాటల్లేవు. పండక్కి మామయ్య వచ్చి నన్ను తీసుకెళ్లేవాడు, అమ్మ గేటు దాకా వచ్చి ఆగిపోయేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అవ్వ మంచం పట్టింది. ఒకరోజు తనే మామయ్యను పిలిచి, “నా బిడ్డకు ఓ మాట చెప్పాలె, ఫోన్ల పట్టు” అందట. ఆయన వీడియో తీస్తుండగానే బ్యాటరీ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. మళ్లీ తీద్దామనుకునే లోపు ఆమెకు స్పృహ తప్పింది. అమ్మ వెళ్లేసరికి అవ్వ లేదు.

ఫోన్లో వీడియో ఉంది, నొక్కితే తెరుచుకోదు. అవ్వ ఏమందని అమ్మ అడిగితే మామయ్య తల దించుకున్నాడు. “నేను ఫోన్ సక్కగ పట్టుడు మీదనే ఉన్న అక్కా. నీ పేరైతె తీసింది. తిట్టిందో, ఏమన్నదో, నా మతికి లేదు.” ఆ ‘తిట్టిందో’ అన్న మాట అమ్మలో ముల్లులా ఉండిపోయింది. ఫోన్ల దుకాణంలో చూపిస్తే చెరిపేయండి, జాగా ఖాళీ అవుతుందన్నారట.

అమ్మ ఆపా దగ్గరకు పోయింది. ఆపా ముందు ఆ ఫైలుకు నకలు తీసి అసలును పక్కన పెట్టింది. “అసల్‌ను ముట్టొద్దు. ఏం చేసినా నకలు మీదనే” అంది. తర్వాత అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది. వీడియో తీస్తున్నంతసేపు ఫోన్ బొమ్మల్నీ మాటల్నీ ముక్కలుగా రాసుకుంటూ పోతుంది. ఏ ముక్క ఎక్కడుందో, ఏది బొమ్మో, ఏది మాటో చెప్పే సూచిక మాత్రం మనం ఆపినప్పుడే చివర్న రాస్తుంది. ఈ ఫోన్ అది రాసే లోపే ఆగిపోయింది.

“అంటే మా అమ్మ మాట అండ్ల ఉన్నదా, లేదా?” అని అడిగింది అమ్మ.

“ఉన్నది చెల్లె. ఏడ మొదలైతదో మనకు తెల్వదు. నీ తమ్ముణ్ని అదే ఫోన్ల తీసిన ఇంకో వీడియో ఏదన్న ఉంటే తెమ్మను. ఏదైనా సరే.”

మామయ్య దగ్గర ఉన్నది ఒక్కటే. కొత్తగా పుట్టిన దూడ పెరట్లో గెంతుతున్న వీడియో. ఆపా దాన్ని ఎన్నిసార్లు చూసిందో. ఆ ఫోన్ బొమ్మను ఎలా మడిచి పెడుతుంది, గొంతును ఎలా దాస్తుంది, ఒకదాని పక్కన ఒకటి ఎలా పేరుస్తుంది అన్నదంతా ఆ దూడ దగ్గరే నేర్చుకుంది. ఆ తీరునే అవ్వ వీడియోకు అతికించి సూచిక కొత్తగా కట్టాలి. కాలేజీ నుంచి వచ్చి రోజూ దాంతోనే కూర్చునేది. అమ్మ గోడ మీదుగా రొట్టెలు అందించేది, అయిందా అని మాత్రం అడిగేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆపా మమ్మల్ని పిలిచింది. మామయ్య కూడా వచ్చాడు. “బొమ్మ మొదాట్ల కొంచెమే వచ్చింది, మాట వచ్చింది. నేను సగమే విన్న చెల్లె. మిగిలింది నీది” అని లేచి లోపలికి పోబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

మంచం, దుప్పటి, అవ్వ మొహం కనిపించాయి. అంతలోనే తెర బూడిద రంగు గళ్లుగా చెదిరిపోయింది. గొంతు మాత్రం నడిచింది. ముందు దగ్గు. తర్వాత అమ్మ పేరు. ఆ తర్వాత, “...ఆడ నీళ్లు మంచిగున్నయా బిడ్డా? ఉన్నయని వీడు అంటున్నడు. పిల్లకు బోరు నీళ్లు తాపకు. ఎంత దూరమైనా పోయి మంచియే తెచ్చి తాపు. నువ్వు పోయింది మంచిదైంది. నేనే...” అక్కడ ఆగిపోయింది.

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనే అన్నది. నేనే, ఏందాపా? ఎన్కకేమన్న ఉన్నదా, సూడరాదు” అంది.

“లేదమ్మా. ఫోన్ గాడికే రాసుకున్నది. లేనిది నేను తేలేను.”

చెదిరిన గళ్ల మీద అవ్వ ఫోటో పెట్టి నిండుగా చేయమని మామయ్య బతిమాలాడు. వేరే నకలులో చేసి ఇచ్చింది ఆపా. అసలునూ, బాగుచేసినదాన్నీ మాత్రం విడివిడిగా దాచమని చెప్పింది. మా ఇంట్లో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ మర్నాడే అమ్మ మర్రిగూడ పోయి అవ్వ మంచం మీద ఆ పూటంతా కూర్చొని వచ్చింది. ఆ ‘నేనే’ తర్వాతి మాట మాకెవరికీ తెలియదు. అమ్మ మాత్రం దాన్ని తనకు తోచినట్టు పూర్తి చేసుకుంది. అదేమిటో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు నేను కూడా పిల్లలకు కంప్యూటరే చెబుతున్నాను. పోయిన నెల దవాఖానలో చూసినప్పుడు ఆపా బాగా నీరసించి ఉంది. ఏం చెప్తున్నావని అడిగింది. పుస్తకంలో ఉన్నది వరసగా చెబుతున్నానన్నాను. “చెప్పు. కాని ముందుగాల్ల వాళ్లను జర పరేషాన్ చెయ్యి. గప్పుడే ఇంటరు” అని నవ్వింది. నాతో ఆమె అన్న చివరి మాట అదే.

నేను చేరేసరికి ఆమెకు స్నానం చేయించి తెల్లబట్ట చుట్టారు. ఆడవాళ్లం చివరిసారి మొహం చూసుకున్నాం. నిద్రపోతున్నట్టు లేదు. ఏదో ఒక ఫైలు తెరుచుకునేదాకా తెరనే చూసి, అప్పుడే తల పక్కకు తిప్పుకున్నట్టుంది.

ఆపాను పూడ్చే ఖబరస్తాన్ హైవేకి అవతలి పక్క. ఆడవాళ్లు వెంట వెళ్లరు కాబట్టి మేం గేటు దగ్గరే నిలబడ్డాం. భుజాలు మార్చుకుంటూ ఆమెను మోసుకెళ్తున్న మనుషులు రోడ్డు అంచుకు చేరి ఆగారు. ముందు ఒక పత్తి లారీ ఆగింది, దాని వెనక బస్సు, ఆ వెనక కార్లు. లారీ డ్రైవర్ ఇంజన్ ఆపి తల గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎప్పుడూ హోరెత్తే ఆ దారి మీద అడుగుల చప్పుడు వినిపించింది. తెల్లబట్ట మెల్లగా అవతలి గట్టు ఎక్కి చెట్ల మధ్యకు పోయింది. దారి ఖాళీ అయినా బండ్లు వెంటనే కదల్లేదు. లారీ మీంచి విడిపోయిన పత్తి తునక ఒకటి ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ దొర్లుతూ ఉంది. అమ్మ గేటు చువ్వ పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది.