జ్వరం దిగిన రోజు

దుప్పటి సర్దబోతే మా ఆయన పాదం మంచులా తగిలింది. నాలుగు రోజులుగా డెంగీ జ్వరంతో కాలిపోయిన మనిషి. చల్లబడితే సంతోషించాలి. నేను మాత్రం భయంతో రెండో పాదం కూడా తడిమి చూశాను.

వంటింట్లో అత్తయ్య అప్పటికే పథ్యానికి బీరకాయ తరుగుతున్నారు. "జ్వరం దిగిందిగా! నీ మొహం చూస్తే వాడికి మళ్లీ వచ్చేలా ఉందమ్మాయ్," అన్నారు.

అపార్ట్‌మెంట్‌లో ఎదురైన ప్రతివాళ్లూ క్రికెట్ స్కోరు అడిగినట్టు ప్లేట్‌లెట్లు ఎన్నని అడిగేవారు. ముందురోజు రిపోర్టులో అవి మరీ పడిపోలేదు. ఆ ధైర్యంతోనే ఉన్నాం. కానీ పొద్దుటి నుంచి ఆయన కడుపు నొప్పంటున్నారు. తాగిన మజ్జిగ కక్కేశారు.

పిల్లలిద్దరినీ అత్తయ్యకు అప్పగించి ఆయన్ని ఆటో ఎక్కించాను. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల గుంపులు దాటి నారాయణగూడ చేరేసరికి ఆయన నా భుజం మీద వాలిపోయారు. ఆస్పత్రిలో మళ్లీ రక్తం తీశారు.

"జ్వరం దిగిందని ఖుష్ అయిండ్రా? డెంగీల గిప్పుడే జర భద్రం," అన్నారు డాక్టరమ్మ, రిపోర్టు చూస్తూ.

"ప్లేట్‌లెట్లు ఫర్వాలేదు కదా మేడమ్?"

"అందరు గదే అడుగుతరు. ఈ పీసీవీ చూడమ్మా, రక్తం ఎంత చిక్కగున్నదో చెప్పే అంకె, నిన్నటికన్న పెరిగింది. రక్తంల నీరు నాళాల నుంచి బయటికి పోతున్నది, రక్తం చిక్కబడుతున్నది. ఇంటికి పంపియ్య, ఈడనే ఉంచుకుంట."

"చిక్కబడితే మంచిదే కదండీ, మా ఇంట్లో చారెప్పుడూ పల్చనే," అన్నారాయన, కళ్లు మూసుకునే.

"జోకులు వార్డుల ఎయ్యిండ్రి."

"ప్రమాదం లేదు కదా?" అని అడిగాను.

"ఒక్క అంకె చూసి చెప్పలేనమ్మా. పెరుగుతున్నదా, దిగుతున్నదా చూస్త, అప్పుడు చెప్త."

సెలైన్ పెట్టారు. కొన్ని గంటలకొకసారి రక్తం తీసుకెళ్లేవారు. థర్మామీటర్ మాకు శుభవార్త చెబుతుంటే, అదే ఒంట్లోని రక్తం ఇంకో మాట చెబుతోంది. మనిషి మొహం చూసి తెలుసుకోగలననుకునేదాన్ని. ఇన్నేళ్లు పక్కనున్న మొహం ఆ రోజు నాకేమీ చెప్పలేదు. సాయంత్రానికి ఆ పీసీవీ అంకె పెరగడం ఆగింది. తెల్లవారేసరికి కాస్త దిగింది.

ఆయన దగ్గర మరిదిని ఉంచి పొద్దున్నే ఇంటికి వచ్చాను. నాన్నకు తగ్గిపోయిందని అత్తయ్య పిల్లలకు చెప్పేశారు. ఇద్దరూ గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"నాన్న ఏరీ?"

ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. "నాన్నకు పూర్తిగా తగ్గలేదమ్మా. నిన్న రక్తం చిక్కబడింది, ఇవాళ పల్చబడుతోంది. అది మంచి గుర్తేనని డాక్టరమ్మ చెప్పారు. ఇంకా చూడాలన్నారు కూడా. ఇంటికి ఎప్పుడొస్తారో నాకూ తెలియదు. తెలిసిన వెంటనే మీకే ముందు చెప్తాను."