తుమ్మును ఇష్టపడినవాళ్ళం

పోయిన నెలలో మా తోడల్లుడి కూతురికి సంబంధం ఖాయం చేసుకోవడానికి సత్యవేడు పోవాలని అందరం పొద్దున్నే తయారై, తాంబూలం పళ్ళెం చేతికెత్తుకుని గడప దాటబోతున్న సమయానికి, వెనకనుంచి మా తోడల్లుడు ఇల్లు అదిరేలా తుమ్మాడు. ఇంకేముంది, పెద్దాచిన్నా అందరం వెనక్కి తిరిగి వచ్చి కూర్చున్నాం. తలా ఒక గుక్క మంచినీళ్ళు తాగాం. సొంత కూతురి పెళ్ళిపనికే అడ్డం తుమ్మాడు గనుక ఆ మనిషి ఎవరి మొహమూ చూడలేక చొక్కా గుండీలు సర్దుకుంటున్నాడు. అప్పుడు మా ఆవిడ నా వైపు ఓరకంట చూసి, నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగబట్టింది. నేను కిటికీలోంచి కారు టైర్లలో గాలి ఉందో లేదో చూస్తున్నట్టు నటించాను.

ఆ చూపుకు అర్థం ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. దాని వెనక మా ఇద్దరి కాపురమంతా ఉంది. ఈ వయసులో ఇక సిగ్గెందుకని రాస్తున్నాను. నా ఈడువాళ్ళు చదివి కొందరు నవ్వుకుంటారు, కొందరు మొహం చిట్లిస్తారు, ఎక్కడో ఒకరు మాత్రం కాగితం పక్కన పెట్టి కాసేపు కళ్ళు మూసుకుంటారు. ఆ ఒకరి కోసమే అనుకోండి.

మాది ఆచారం బాగా పట్టించుకునే వైష్ణవ కుటుంబం. మా నాయన బడిపంతులు. తుమ్మితే ప్రయాణం ఆగిపోయేది, తుమ్మితే ముహూర్తం వెనక్కి జరిగేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, ఇరవై నాలుగో ఏట రైల్వేలో పార్సిలు గుమాస్తాగా పాకాల జంక్షన్‌లో చేరాను. తిరుపతికీ కాట్పాడికీ నడుమ ఉండే ఆ స్టేషన్‌లో బెల్లం, చింతపండు, మామిడికాయల బుట్టలు, ఎండుమిరప బస్తాలు దిగుతుండేవి. మిరప బస్తాలు దిగిన రోజు ప్లాట్‌ఫారం మీద హమాలీల దగ్గర్నుంచి స్టేషన్ మాస్టరు దాకా అందరూ వరసగా తుమ్మేవాళ్ళు. అలాంటి ఒక రోజున, బుకింగ్ కౌంటరులో పనిచేసే ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి, ముక్కు కొద్దిగా పైకెత్తి, కళ్ళు అరమూసి, వచ్చీరాని తుమ్ము కోసం ఎదురుచూస్తూ ఒక క్షణం ఆగిపోవడం చూశాను. ఇంకొకరికి మల్లెపూల వాసన ఏం చేస్తుందో, ఇంకొకరికి చీకటిలో గాజుల చప్పుడు ఏం చేస్తుందో, నాకు ఆ క్షణం అది చేసింది. అంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్ళం కదా.

అది ఒకసారి వచ్చి పోయే వింత అనుకున్నాను. పోలేదు. అందరూ నాయిక నడకనో నవ్వునో చూసి మురిసిపోయే సినిమాలో నేను ఎప్పుడో ఒక జలుబు సన్నివేశం వస్తుందేమోనని కాచుకుని ఉండేవాణ్ణి. చిత్తూరులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపులు వచ్చాక, అలాంటి సన్నివేశం ఉన్న ఒకే ఒక్క సినిమాను ఎన్నిసార్లు తెచ్చానంటే, ఆ షాపాయన నన్ను ఆ హీరోకు వీరాభిమాని అనుకుని గోడమీద అంటించిన పోస్టరు ఊడదీసి నాకు కానుకగా ఇచ్చాడు. వారపత్రికల్లో డాక్టరుగారు పాఠకుల రహస్య సందేహాలకు జవాబులిచ్చే పేజీ మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని ప్రతివారం మొదట తిప్పేవాణ్ణి. లోకంలోని సందేహాలన్నీ అందులో వచ్చాయి గానీ నాది మాత్రం ఎన్నడూ రాలేదు. ఒకసారి ధైర్యం చేసి వేలూరు పోయి నరాల డాక్టరు ఎదుట కూర్చున్నాను. నోరు తెరిచేసరికి తలనొప్పి అనే మాట వచ్చింది. తలనొప్పి మాత్రలు తీసుకుని తిరుగు బండి ఎక్కాను. లోకంలో ఇలాంటివాణ్ణి నేనొక్కణ్ణే అని ఆ బండిలో గట్టిగా నిశ్చయమైపోయింది.

ఆ తర్వాత నాకు సత్యవేడు సంబంధం కుదిరి పెళ్ళయింది. వచ్చిన ఆవిడకు దుమ్ము పడదు. పొద్దున్నే చీపురు పట్టుకుంటే చాలు, తుమ్ము మీద తుమ్ము. దేవుడు నన్ను కరుణించాడో ఆటపట్టించాడో ఈనాటికీ తేల్చుకోలేను. కొత్త కాపురంలో ఆమె తుమ్మిన ప్రతిసారీ నా మొహం ఎర్రబడి, ఎక్కడ బయటపడిపోతానోనని భయమేసి, చొక్కా తగిలించుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆమె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. తుమ్మును అపశకునంగా చూసే ఇంటి కొడుకు, అసహ్యం కొద్దీ లేచిపోతున్నాడనుకుంది. అప్పటినుంచి ముక్కు మీద కొంగు అదిమిపెట్టుకోవడం నేర్చుకుంది. ఆగకపోతే పెరట్లోకి పరిగెత్తి, నీళ్ళ తొట్టి దగ్గర గోడకేసి తిరిగి తుమ్మి వచ్చేది. ఎవరో చెప్పారని పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చింది, హోమియోపతి గుళికలు ఏళ్ళ తరబడి మింగింది. ఆమె నా కోసమే మందులు మింగుతోందని నాకు తెలియదు, నేను దేనికి లేచిపోతున్నానో ఆమెకు తెలియదు. పిల్లలు పుట్టారు, పెరిగారు, నాకు తిరుపతికి బదిలీ అయింది. బయటివాళ్ళ కంటికి మాది ముచ్చటైన సంసారమే. కాదని నేనూ అనను. కానీ పొద్దున పూట మాత్రం మా మధ్య ఒక పెరటి గోడ ఉండేది.

ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తల్లో సంగతి. మా బావమరిది రాసిన డిపార్టుమెంటు పరీక్ష ఫలితాలు చూడమంటే, తిరుపతిలో బస్టాండు వెనక సందులో ఉన్న ఒక సెంటరుకు పోయాను. ప్లైవుడ్ గదులు, ఒక్కోదానికి ఒక పూల కర్టెను. ఫలితాలు అందరూ ఒకేసారి చూస్తుండడంతో పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. ఊరికే కూర్చోలేక, పక్కన ఇంకో కిటికీ తెరిచి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తుమ్ముకు ఇంగ్లీషు మాట కొట్టాను. జలుబు మందులు వచ్చాయి, అలర్జీ డాక్టర్లు వచ్చారు. ఆ కిందెక్కడో, తుమ్మును ఇష్టపడే పెద్దవాళ్ళు కలుసుకునే చోటు అని ఒక వరస కనిపించింది. నొక్కాను. ఎక్కడో చలిదేశంలో బస్సు నడిపే ఒకాయన రాసుకున్నాడు, లోకంలో ఇలాంటివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను అని. దాని కింద ఇంకెవరో, నేను కూడా అని. దాని కింద ఇంకొకరు.

ఎంతసేపు చదివానో తెలియదు. ఈలోగా పక్క కిటికీలో ఫలితాలు తెరుచుకున్నాయి, బావమరిది పాసయ్యాడు. సెంటరు నడిపే ఆయన టైమైందని చెప్పడానికి కర్టెను జరిపి, నా మొహం చూసి నిలబడిపోయాడు.

“ఏమైంది సార్? మీ బామ్మర్ది ఫెయిలా?”

“లేదప్పా. పాసే.”

“మరి ఏడస్తా ఉండారే?”

“అందుకే” అన్నాను.

ఆయన ఫ్యాను నా వైపు తిప్పి, వెళ్ళిపోయాడు.

ఆ గుంపులో చేరేటప్పుడు ఏదో ఒక పేరు పెట్టుకోమంటే, తోచక పాకాల అని పెట్టుకున్నాను. వాళ్ళంతా అది నా ఇంటిపేరనుకుని మిస్టర్ పాకాల అని పిలిచేవాళ్ళు. ఇంటర్నెట్ లేని కాలంలో కూడా అక్కడివాళ్ళలో కొందరు ఒకరినొకరు ఎలాగో కనిపెట్టుకున్నారట. టీవీలో ఎక్కడ తుమ్ము కనబడినా రికార్డు చేసి, ఆ ముక్కలన్నీ ఒక క్యాసెట్లో కూర్చి, పోస్టులో ఒకరినుంచి ఒకరికి పంపుకునేవాళ్ళట. కాపీ మీద కాపీ తీసి తీసి, బొమ్మ వానలో తడిసినట్టు ఉండేదట. అదే వాళ్ళకు నిధి. తర్వాత ఆ ముక్కలు కంప్యూటరులోకి ఎక్కాయి. ఒక్క ముక్క దిగడానికి నేను టీ తాగి వచ్చేంతసేపు పట్టేది. పెద్దవాళ్ళవి మాత్రమే ఉండాలి, తెలియకుండా తీసినవి ఉండకూడదు, ఎవరి ఊరూ పేరూ ఎవరూ అడగకూడదు. ఆ గుంపు కట్టుబాట్లు అంతే. వీడియోలకన్నా కబుర్లే ఎక్కువ ఉండేవి.

ఒకరోజు ఆ గుంపులో ఒకాయన, మా వైపు మామిడి పూతకాలం వచ్చింది, ఊరంతా తుమ్ములే అని రాశాడు. రాత తీరు మనవైపుదనిపించి, కట్టుబాటు పక్కనపెట్టి విడిగా అడిగాను. కాట్పాడి అన్నాడు. నేను పాకాల ప్లాట్‌ఫారం మీద ఒంటరినని కుములుతున్న ఏళ్ళలో ఆయన అదే లైను చివర, అదే బాధ పడుతున్నాడు. ఇద్దరం నడిమధ్యన పాకాల స్టేషన్‌లోనే కలుసుకున్నాం. ఒక బెంచీ మీద కూర్చుని ఇడ్లీలు తిని, బెంగుళూరా మామిడికాయల ధర గురించి, బీపీ మాత్రల గురించి మాట్లాడుకున్నాం. అసలు విషయం మాత్రం ఇద్దరికీ నోటికి రాలేదు. ఆయన బండి కదలబోతుండగా మెట్టు మీద నిలబడి ఒక్క మాట అన్నాడు. “నేను ఒక్కడే అనుకోని ఉంటిని సార్.” నేను చెయ్యి ఊపాను.

తర్వాత కాలం తొందరగా నడిచింది. ఫోన్లలోకి కెమెరాలు వచ్చాయి, అందరికీ వీడియోలు వచ్చాయి. ఒకప్పుడు వానబొమ్మ కోసం నెలలు కాచుకున్నవాళ్ళ ముందు గుట్టలు గుట్టలుగా పడ్డాయి. కొందరు ఇష్టంతో తీసి పెట్టేవాళ్ళు, కొందరు అడిగినట్టు తీసి అమ్మేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు, ఇద్దరూ ఒప్పుకున్నదే. కానీ ఒకరోజు ఎవరో రైలుపెట్టెలో తీసింది పెట్టారు. కిటికీ పక్కన మనవైపు చీరకట్టు, ముడిలో కనకాంబరాలు, ఒళ్ళో టిఫిను సంచి. ఎండ మొహాన పడి ఆవిడ తుమ్మబోతుంటే, ఎదుటి సీటులోంచి ఎవడో కాచుకుని తీశాడు. ఆవిడకు తెలియదు. ఒక్క క్షణం మా ఆవిడే అనుకున్నాను. కాదు. కానీ కావడానికి ఏం అడ్డం? నాకు వచ్చిన ఇంగ్లీషులో, అన్నేళ్ళలో మొదటిసారి కోపంగా రాశాను. ఆమె ఎవరి ఇల్లాలో, ఆమె మనకు ఇవ్వనిది మనం దొంగిలించకూడదు అని. కాట్పాడి మిత్రుడు నా వెనకే రాశాడు, బస్సు నడిపేవాడు రాశాడు. సాయంత్రానికి అది తీసేశారు. పెట్టినవాణ్ణి పంపేశారు. కొందరు మమ్మల్ని ముసలి చాదస్తులన్నారు. ఉండనీ.

అది తీసేసినా నా మనసులోంచి పోలేదు. ముక్కూమొహం తెలియని ఇల్లాలి కోసం అంత రాసినవాణ్ణి, ఇంట్లో ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదే అనిపించేది. అయినా నోరు పెగల్లేదు. ఇంతలో కరోనా వచ్చింది.

ఆ రోజుల్లో తుమ్మంటే ఊరంతటికీ భయం. మా ఆవిడ అలర్జీ సంగతి వీధంతా ఎరుగుదురు, అయినా కూరగాయల బండి దగ్గర ఆమె ఒక్కసారి తుమ్మితే జనం చెదిరిపోయారు. బండివాడు కూర అమ్మనన్నాడు. ఆమె ఖాళీ సంచితో ఇంట్లోకి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని, మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “ఈ ముక్కు కోసేసుకుంటే పీడ పోతాది. మొదట మీకు పనికిరాకపోయె, ఇప్పుడు ఊరికి గూడా పనికిరాకపోయె” అంది.

నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. నాకు దాని మీద అసహ్యం ఎన్నడూ లేదని, ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతని, మిరప బస్తాల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. అయిపోయాక ఆమె ఒళ్ళోని మాస్కు మడతపెట్టింది.

“ముప్పై ఏండ్లు ముక్కు మూసుకోని బతికినాను” అంది. “ఒక్క మాట చెప్పింటే మీ సొమ్మేం పోతా ఉండె?”

ఆమె కళ్ళు తుడుచుకుని, ఇట్లాంటివాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగింది. దేశదేశాల ఉన్నారని ఫోను తెరిచి చూపించాను. కాసేపు తిప్పి చూసి, మెల్లగా అంది. “వీళ్ళల్లో ఎవురన్నా వాళ్ళ పెండ్లాలకు చెప్పినారా?”

ఆ ప్రశ్ననే, ఇది మా ఆవిడ అడుగుతోంది అని ఇంగ్లీషులో పెట్టి గుంపులో వేశాను. ఆ తర్వాత ఒక్కొక్కరు వచ్చారు, లేదని, ఎప్పటికైనా అని, భయమని. వారం తిరక్కముందే కాట్పాడి మిత్రుడు ఫోను చేశాడు. గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆయన చెప్పాడట. వాళ్ళావిడకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసునట. ఈయన ఎప్పుడు చెపుతాడా అని అన్నేళ్ళూ చూస్తూ ఉందట.

ఇప్పుడు ఆ పాత వెబ్‌సైటులో అలికిడి లేదు. కుర్రవాళ్ళంతా ఫోను గుంపుల్లోకి వెళ్ళిపోయారు. ఇలాంటి ఇష్టానికి ఒక పేరుందని, అది జబ్బు కాదని, వాళ్ళకు ఓటుహక్కు వచ్చే వయసుకే తెలిసిపోతోంది. కట్టుకోబోయే పిల్లకు చెప్పాను, నవ్వింది అని ఒకడు రెండు ముక్కల్లో రాసి వేరే కబురులోకి పోతాడు. అది చదివి నాకు అసూయ కలుగుతుందా అంటే, కొంచెం. మిగతాదంతా ఊరటే. ఇంకెవరూ వేలూరు పోయి తలనొప్పి మాత్రలు తెచ్చుకోనక్కర్లేదు. అయితే ఒక్క వరస చదివి కర్టెను వెనక ఏడ్చే ఆ అనుభవం కూడా వాళ్ళకు ఉండదు. అన్నీ ఎప్పుడూ ఉన్నవాడికి దొరకడం అనే మాటకు అర్థం ఏం తెలుస్తుంది?

మా ఆవిడ ఇప్పుడు పెరట్లోకి పోదు. పొద్దున్నే హాలు చిమ్ముతూ, చీపురు పట్టుకునే, గొంతెత్తి తుమ్ముతుంది. నేను కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చుంటాను. నిజం చెప్పాలంటే ఈ వయసుకు అందులో పాత గుబులు ఏమీ లేదు, కుక్కరు కూతలాగా, ఎదురింటి గేటు చప్పుడులాగా అదొక ఇంటి చప్పుడైపోయింది. గుండె అంత గట్టిగా కొట్టుకున్న రోజుల్లో ఆమె గోడకేసి తిరిగి ఉండేది. ఇప్పుడు నాకేసి తిరిగి ఉంటుంది.