మూతపెట్టిన గిన్నె

చిన్నప్పుడు నేను రాసిన ఒక గేయం గురించి పక్కింటి అక్క ఇంతవరకూ నాకు ఒక్క మాట చెప్పలేదు. బంధువులతో కబురు పెట్టాను. పెళ్లిళ్లలో ఎదురుపడి అడిగాను. దగ్గరుండి వడ్డించింది, పిల్లల క్షేమం కనుక్కుంది, ఆ ఊసు మాత్రం ఎత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ముదిగుబ్బ పక్కన పల్లె. అప్పుడు కరువు. బడి ముందర గంజి కేంద్రం పెట్టారు, గంజి పోసేది మా తాత. బడి పండగకు పల్లె మీద గేయం రాసి ముందుగా అక్కకు చూపించాను. ఊళ్లో పుస్తకాలున్న ఇల్లు వాళ్లదొక్కటే. నిండిన చెరువు, పచ్చని వరి, గట్టు మీద కొంగలు, అన్నీ పెట్టాను. ఆమె నిదానంగా చదివింది.

"నడక బాగుండాదప్పా. ఈ చెరువు మాత్రం యాడుండాది? నువ్వు కండ్లతో చూసింది రాయి."

మంచి మాటే. నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది. చూసిందే రాస్తాను, చూడు, అనుకున్నాను. మళ్లీ రాసింది ఆమెకు చూపించలేదు.

నేను చూసింది అక్క వాళ్లమ్మనే. పొలాలున్న ఇంటివాళ్లు గంజికి రాకూడదు, పరువు తక్కువ. ఆమె కొంగు కప్పుకొని, మూతపెట్టిన గిన్నెతో వచ్చి, తమ జీతగాని పిల్లలకని చెప్పి పోయించుకునేది. ఆ జీతగాడు పెండ్లాం బిడ్డలతో మైసూరు దిక్కు కూలికి పోయి చాలా రోజులైంది. ఊరంతటికీ తెలుసు. ఎవరూ అనలేదు.

నేను అన్నాను. "ఊరు విడిచిన పిల్లలకు పెద్దింటమ్మ గంజి మోస్తోంది" అని పండగనాడు అందరి ముందూ గొంతెత్తి చదివాను. వెనక ఎవరో నవ్వారు. ఆడవాళ్లలో కూర్చున్న అక్క, తన తల్లి చెయ్యి పట్టుకొని లేచి వెళ్లిపోయింది.

ఇంటికొస్తే తాత నన్ను కొట్టలేదు.

"ఆ పిల్లలు ఊర్లో లేరని నాకు తెలీదనుకొంటివా? తెలిసే పోస్తాంటి కదరా," అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాటి నుంచి అక్క వాళ్లమ్మ గంజికి రాలేదు. తాత రోజూ గంగాళం అడుగున కొంచెం ఉంచి, వీధి చివర దాకా చూసి, ఆఖరుకు ఎవరో ఒకరికి పోసేసేవాడు. ఆ ఇంట్లో కరువు ఎట్లా గడిచిందో నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

చూసింది రాయమన్నది నువ్వే కదా అక్కా అని ఇన్నాళ్లూ నీతో మనసులోనే తగువాడుతున్నాను. అది గెలవని తగువని నాకు తెలుసు. ఇప్పటికీ ఏది రాసినా, మూతపెట్టిన గిన్నె దగ్గరికొచ్చేసరికి నా కలం ఆగిపోతుంది.

చిలమత్తూరులో మనవరాలి దగ్గరున్నావని విన్నాను. ఆ పిల్ల ఇది నీకు చదివి వినిపిస్తుంది. మొదటి గేయానికి లోపం చెప్పినదానివి, రెండోదానికి ఎందుకు చెప్పలేదు? అందులో ఏ మాట తీసెయ్యాలో నాకు తెలుసు. అయినా నీ నోటితోనే వినాలి. చెప్పక్కా.