ఒస్వాల్దోకు కప్పిన శాలువా

మా పక్కింటి ఒస్వాల్దో క్యూబాలో పుట్టాడు, అమెరికాలో మా ఊరు టాంపాలో స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇది వీధిలో అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, ఆయన పాటలు కట్టేవాడు. క్యూబా వాళ్ళు పెళ్ళిళ్ళలో, మంగలి షాపుల్లో పాడుకునే 'కిటికీ మూయకు' అనే పాట ఆయనదే. హవానాలో ఒక గాయకుడు దాన్ని తన పేరుతో రికార్డు వేసుకున్నాడు. మయామీలో ఇంకొకడూ అదే పని చేశాడు. ఎవరైనా ఒక్కసారి మైకు ముందు "ఈ పాట ఒస్వాల్దోది" అంటే వినాలని ఆ ముసలాయన కోరిక. కోరిక చిన్నదే, అనే నోరే దొరకలేదు.

నేను ప్రమోదను, రిటైరైన డాక్టర్ని. మా మనవరాలు రియా ఆయన దగ్గర గిటార్ నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం వాళ్ళిద్దరూ పెరట్లో ఆ పాట వాయిస్తుంటే, మా ఇంటికి టీకి వచ్చిన రాధాకృష్ణ చెవులు రిక్కించాడు. అతను మా తెలుగు సంఘం ఆస్థాన సంగీత దర్శకుడు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు.

"ట్యూన్ భలే క్యాచీగా ఉంది మేడమ్," అంటూ ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాడు. ముచ్చటపడ్డాడు కాబోలు అనుకున్నాను. టీ అయిపోగానే, పాట సగంలో ఉండగానే వెళ్ళిపోయాడు.

ఉగాది వేడుకకు ఒస్వాల్దోను అతిథిగా పిలవమని నేనే పట్టుబట్టాను. "పాటలు కట్టే మనిషని స్టేజీ మీద ఒక్క ముక్క చెప్పండి, చాలు" అన్నాను. తప్పకుండా అన్నారు సంఘం వాళ్ళు, శాలువా కూడా ఆర్డర్ చేశారు.

పేర్లు చదవడంలో మా సంఘానికి ఏ లోటూ లేదు. ఇళ్ళమ్మే ఏజెంటుగారి పేరు, పులిహోర స్పాన్సర్‌గారి పేరు, ఆ పులిహోర కలిపినావిడ పేరు, కార్లు ఎక్కడ పెట్టాలో చెయ్యి చూపించినాయన పేరు, అన్నీ చదివారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన ఒస్వాల్దో ప్రతి పేరుకీ చప్పట్లు కొడుతూ తన పేరు కోసం కాచుకున్నాడు.

"ఇప్పుడు స్వాగత గీతం. సంగీతం, మన రాధాకృష్ణగారు!"

పిల్లలు అందుకున్నారు. మాటలు తెలుగువి, బాణీ మాత్రం పొల్లుపోకుండా కిటికీ పాటది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒస్వాల్దో లేచాడు. కర్ర పోటు వేసుకుంటూ స్టేజీ ఎక్కి, స్పానిష్‌లో గొంతు కలిపాడు. రాధాకృష్ణ దగ్గరున్నది సగం పాటే కాబట్టి పిల్లలు మధ్యలో ఆగిపోయారు. ఆయన ఆగలేదు, మిగతా సగం కూడా పాడాడు. హాలంతా లేచి నిలబడింది.

రియా మైకు లాక్కుంది. "ఇది ఒస్వాల్దో అంకుల్ సాంగ్! అంకులే కంపోజ్ చేశాడు!"

రాధాకృష్ణ నవ్వుతూ మైకు తీసుకున్నాడు. "అవునమ్మా, ఇంత బాగా పాడాక ఇంక ఆయనదే! చూశారా అండీ, ఒక్కసారి విని ఒస్వాల్దోగారు మన పాట ఎంత ఫాస్ట్‌గా పికప్ చేశారో! మ్యూజిక్‌కి బోర్డర్స్ లేవు!"

చప్పట్లు. శాలువా. ఫొటో.

రాధాకృష్ణను మెట్ల దగ్గర పట్టుకుని కడిగేశాను. "సొమ్మొకడిది, సోకొకడిదీనా?"

"ఇన్‌స్పిరేషన్ మేడమ్," అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

ఇంటికి వెళ్తుంటే కార్లో ఒస్వాల్దో అడిగాడు. "నా పేరు వినబడింది డాక్టర్. ఏమన్నారు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "పాట తొందరగా నేర్చుకున్నారని మెచ్చుకున్నారు."

ఆయన ఒళ్ళోని శాలువా జరీ అంచు తడిమాడు.

"మీవాళ్ళు మర్యాదస్తులు," అన్నాడు. "హవానా దొంగ నాకు శాలువా కప్పలేదు."