ఆలస్యానికి కారణం

కోర్టు గోడ పక్కన రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా అర్జీలు టైపు చేస్తున్న ఆవిడను అందరూ కామా అక్క అంటారు. ఒక్క కామా తప్పిపోయినా కాగితం చించేసి మళ్లీ మొదటినుంచి కొట్టే రకం మరి. ఊరందరి గోడూ ఆ వేళ్ల మీదుగానే లోపలికి వెళ్లింది. సొంత కూతురి గోడు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమెకు ఏమీ పాలుపోలేదు.

నర్సింగు చదువుతున్న ఆ పిల్ల ముఖాన్ని ఎవడో దౌర్భాగ్యుడు వేరే ఒంటికి అతికించి ఇంటర్నెట్లో పెట్టాడు. వాడి చేతులు పడిపోను! పిల్ల కాలేజీ మానేసింది, తిండి మానేసింది, ఆఖరికి అద్దం చూసుకోవడం కూడా మానేసింది.

చివరికి కామా అక్క పోలీసు స్టేషనుకు వెళ్లింది. ఇన్‌స్పెక్టరు మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు.

"ఆ సైటు పక్క దేశానిదమ్మా. మన చట్టంలో ఎప్పుడైనా ఫిర్యాదు ఇవ్వచ్చు, కానీ అది సరిహద్దు దాటి పనిచెయ్యదు. వాళ్ల చట్టమైతే బొమ్మలు తీయిస్తుంది, వాణ్ణీ పట్టుకుంటుంది. కాకపోతే చూసిన తొంభై రోజుల్లోపు రాయాలి. దాటితే ఎందుకు దాటిందో చెప్పుకోవాలి."

దాటి అప్పటికే పదకొండు రోజులు.

కామా అక్క రెండు చట్టాలూ ప్రింటు తీయించి, పక్కపక్కన పరుచుకుని, పెన్సిలుతో గీతలు పెడుతూ కళ్లు లాగేదాకా చదివింది. ఒకదానికి గడువు లేదు, బలమూ లేదు. రెండోదానికి బలముంది, గడువూ ఉంది. రెండు దేశాలవాళ్లూ ఒకచోట కూర్చుని ఒక్క చట్టం రాసుకుంటే వీళ్ల సొమ్మేం పోయిందట అని తిట్టుకుంది. కూతుర్ని కదిలించే ధైర్యం లేక తనే పక్క దేశంవాళ్ల ఫిర్యాదు ఫారం నింపింది. ఆలస్యానికి కారణం అన్న గడిలో, ఇన్నేళ్లుగా అందరికీ కొట్టే మాటే చేతి అలవాటున కొట్టేసింది: అనారోగ్యం చేత.

మూడో రోజు ఫారం తిరిగొచ్చింది. డాక్టరు సర్టిఫికెట్టు లేదన్నారు. బాధితురాలే తన మాటల్లో కారణం రాయాలి, ఈ సాయంత్రం ఐదింటిలోపు, ఇదే ఆఖరు అన్నారు.

ఆమె పరుగున ఇంటికొచ్చి కూతురి గది తలుపు పట్టుకుంది.

"తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటానే. నాలుగు ముక్కలు రాయవే."

"ఏం రాయమంటావ్?"

"జరిగిందే రాయి."

"జరిగిందే?" అని కూతురు తల్లి ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత లేచొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తల్లి వెనక నిలబడి చదివింది.

చూసిన రోజే అమ్మకు చెప్పాను. ఎవరికీ చెప్పకు పరువు పోతుంది కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారు అంది. పోలీసుల దగ్గరికి వెళ్దామని రోజూ అడిగాను. రోజూ అదే మాట అంది. అందుకే ఆలస్యమైంది.

తల్లి కీబోర్డు మీదికి వంగింది. ఎన్ని వందలమంది మాటల్ని మెత్తబరిచి కొట్టలేదు తను! ఆ అలవాటు కొద్దీ వేలు చెరిపే మీట దాకా వెళ్లింది. గడియారంలో ఐదుకు ఆరు నిమిషాలుంది.

"తప్పులేమైనా ఉన్నాయేమో చూడమ్మా," అంది కూతురు, వెనక్కి తిరగకుండానే.

రెండో వాక్యంలో రెండు కామాలు లేవు.

"ఒక్కటీ లేదే," అని, కామా అక్క పంపే మీట నొక్కింది.